ఏమైనా తిన్నావా?

గూఢచారుల సీరియల్ అంటే ఏమిటనుకున్నారు? నలుగురు పొడుగు కోట్లు వేసుకుని నాలుగు వైపుల నుంచి నడిచివచ్చి, ఎవరికీ వినపడకుండా గొణుక్కోవడం. ఆ గొణుగుడు మనకి అర్థం కావాలంటే ఎక్కడో ఒక స్టూడియోలో, మైకు ముందు, మరో నలుగురు నిలబడి మన మాటల్లో గొణగాలి. "మారుపేర్లు" అనే సీరియల్ అలాగే పరాయి భాషలో పుట్టి, మన భాష నేర్చుకుని, రోజూ సాయంత్రం ఇంటింటికీ వచ్చి కూర్చునేది. అందులో రహస్య శాఖకి పెద్ద ఒక నెరిసిన జుట్టావిడ. కనురెప్ప ఆడించకుండా ప్రభుత్వాలని కూల్చగల మనిషి. తెర మీది మొహం ఏ దేశపు నటిదో మనకి అనవసరం. గొంతు మాత్రం అత్తగారిది. ఆ గొంతు పలికే మాటలు రాసేది కోడలు.

అత్తాకోడళ్ళు ఒకే పనిలోనా అని నొసలు చిట్లించకండి. వాళ్ళకీ తగువులున్నాయి. కాకపోతే ఉప్పు గురించో పప్పు గురించో కాదు, మాటల గురించి. "నేను నిర్ణయించుకున్నాను" అని కోడలు రాస్తే అత్తగారు కాగితం దూరంగా పట్టుకుని చూసేది.

"ఈ నకారాలన్నీ నమిలి మింగేలోపు దొంగ సరిహద్దు దాటేస్తాడు. 'సరే' అను, చాలు."

కోడలికి ఒళ్ళు మండేది. రెండు నిమిషాలు పోయాక చూస్తే "సరే" అన్నదే సరిగ్గా కూర్చునేది. తెర మీద పెదవులు కలిసినప్పుడు ప, బ, మ పడాలి. విడిపోయినప్పుడు అవి పడకూడదు. అది చాలదన్నట్టు అర్థం ఉండాలి, ప్రాణం ఉండాలి. ఈ మూడూ ఒక్క రెండక్షరాల్లో ఇరికించగల మనిషిని కోడలు ఇంకెక్కడా చూడలేదు. అసలు ఆమెని ఈ పనిలోకి లాగింది అత్తగారే. పెళ్ళయిన కొత్తలో, కరెంటు బిల్లుల ఆఫీసులో ఉద్యోగం చేస్తున్న కోడలు భోజనాల దగ్గర ఎవరో టీవీలో అన్న డైలాగుని వెక్కిరిస్తూ మార్చి చెప్పింది. అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "రేపు సెలవు పెట్టి నాతో రా" అంది. అంతే.

ఈ సీరియల్ మొదలైన వారంలో ఒక పెద్ద చిక్కు వచ్చింది. ఆ పరాయి భాషలో నువ్వూ మీరూ అని రెండు లేవు. రాజుకీ కుక్కకీ ఒకటే మాట. మనకి అలా కుదరదు. రహస్య శాఖ పెద్దావిడ తన కింది వాళ్ళని ఏమని పిలవాలి? కోడలు ఆలోచించి ఆలోచించి, ఆవిడ అందర్నీ మీరు అంటుందని తేల్చింది. మంత్రినైనా, గది ఊడ్చే మనిషినైనా, తుపాకీ గురిపెట్టిన శత్రువునైనా సరే, మీరే. ఎవరినీ దగ్గరికి రానివ్వని మనిషి అలాగే మాట్లాడుతుంది.

"బానే ఉంది," అంది అత్తగారు. ఆవిడ నోట అంతకు మించిన మెప్పు రాదు.

జనానికి అది తెగ నచ్చేసింది. ఇళ్ళలో తండ్రులు పిల్లల్ని పట్టుకుని, "తమరు హోంవర్కు చేశారా?" అని ఆ గొంతుతో అడగడం మొదలుపెట్టారు. ఆ గొంతంటే చెవి కోసుకునేవాళ్ళు వీధికి పది మంది.

ఇక అసలు సంగతి. ఆ గొంతున్న మనిషికి చెవులు వినపడవు.

ఈ సంగతి కోడలికి తెలిసిన తీరు కూడా చిత్రమే. ఒకరోజు అత్తగారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెర మీది నటితో పాటు ఊపిరి పీల్చి, ఆమెతో పాటే వదిలి, ఓ పొడుగాటి సీను ఒక్క తప్పు లేకుండా చెప్పేసింది. గాజు అద్దం అవతల కూర్చున్న సౌండు ఇంజనీరు బొటనవేలు చూపించాడు. కోడలు కాగితాలు సర్దడానికి లోపలికి వెళ్ళి చూస్తే, హెడ్‌ఫోన్ల తీగ కొస నేల మీద వేలాడుతోంది. దాన్ని ఎవరూ దేనికీ తగిలించలేదు. అంటే ఆవిడ చెవుల్లో ఇందాకటి నుంచీ ఏ శబ్దమూ లేదు. ఆ సంగతి ఆవిడకే తెలియలేదు.

కోడలు ఏమీ ఎరగనట్టు వంగి, తీగ తీసి గోడకున్న రంధ్రంలో గుచ్చింది. లేచి చూస్తే అత్తగారు తననే చూస్తోంది. ఇద్దరూ ఏమీ అనుకోలేదు. కారెక్కి ఇంటికి వెళ్ళే దారిలో కూడా అనుకోలేదు.

చెవికి మిషను పెట్టుకోవచ్చుగా అంటారేమో. పెట్టి చూసింది. హెడ్‌ఫోన్ల కింద అది కీచుమంటుంది. పైగా నలుగురూ చూస్తారు. చెవిలో మిషనున్న గొంతుకి ఎవడు పనిస్తాడు? తన గొంతు తనకి వినపడకపోయినా, అది ఏ మెట్టు మీద ఉందో ఆవిడకి ఛాతీలో తెలుస్తుంది. ఇన్నేళ్ళ సాధన అది. చీకట్లో కూడా ఇంటి మెట్లు దిగేస్తాం చూడండి, అలాగ.

ఆ రోజు నుంచి స్టూడియోలో అసలైన గూఢచారులు ఇద్దరయ్యారు. కోడలు మైకు పక్కనే నిలబడటం మొదలుపెట్టింది. "అత్తయ్యకి కళ్ళద్దాలు మారాయి, కాగితం నేను పట్టుకోవాలి," అని అందరికీ చెప్పింది. అద్దం అవతల నుంచి సౌండు ఇంజనీరు హెడ్‌ఫోన్లలో ఏదైనా చెబితే, తనూ ఒక జత పెట్టుకుని విని, శబ్దం లేకుండా పెదవులతో అత్తగారికి అందించేది. "ఇంకొంచెం నెమ్మదిగా." "చివర్లో ఊపిరి." అత్తగారు ఆ పెదవులు చూసి, తనకే వినపడినట్టు తలాడించేది. గోడలకి చెవులుంటాయంటారు. ఆ గది గోడలకి మాత్రం నాలుగంగుళాల స్పంజి ఉంది. గుట్టు బయటికి పొక్కలేదు.

సౌండు ఇంజనీరుని కోడలు బాబాయ్ అని పిలుస్తుంది. మంచివాడు. అత్తగారంటే భక్తి ఎంతో, భయం అంతకు రెట్టింపు.

సీరియల్ ముగింపుకి వచ్చింది. శాఖలో ఉన్న ద్రోహి ఎవరో చివరి ఎపిసోడ్లో గానీ తెలియదు. ఆ ఎపిసోడ్లు ఎవరి కంటా పడకుండా తాళం వేసి ఉంచారు. మాటలు రాసే కోడలికి కూడా ఇంకా ఇవ్వలేదు. కథ అప్పటికి ఎక్కడి దాకా వచ్చిందంటే, ఒక కుర్ర ఏజెంటు రహస్యాలు అమ్ముకుంటూ పట్టుబడ్డాడు. చేతులు కట్టేసి పెద్దావిడ ముందుకి తెచ్చారు. ఆవిడ మొదట అడిగే మాట చాలా మామూలుది. కోడలు "ఏమైనా తిన్నారా?" అని రాసింది. శత్రువుకి కూడా మర్యాద తప్పని మనిషి కదా.

ఆ సీను రికార్డు చేసే రోజున కోడల్ని ఛానల్ మేనేజరు వేరే పని మీద పిలిచాడు. ఆమె బెంగపడుతూనే వెళ్ళింది. అత్తగారు మైకు ముందు ఒంటరిగా నిలబడి, సీనంతా చెప్పింది. "తిన్నారా" అనాల్సిన చోట, "ఏమైనా తిన్నావా?" అంది.

ఒక్క అక్షరం మారింది. రా పోయి వా వచ్చింది.

ఆ ఎపిసోడ్ టీవీలో వచ్చిన సాయంత్రం ఇంట్లో మామగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మామగారి సంగతి కాస్త చెప్పాలి. టీవీ చూస్తూ నోరు మూసుకోవడం ఆయన వల్ల కాదు. ప్రతి పాత్రకీ సలహా ఇస్తారు. ప్రతివాడినీ అనుమానిస్తారు. మొదటి వారం నుంచి ఇప్పటి దాకా మంత్రిని, డాక్టరుని, చివరికి కాఫీ తెచ్చే మనిషిని కూడా ద్రోహి అన్నారు.

"వీడు దొంగ కాదే అమ్మాయ్," అన్నారు కోడలితో. "వీడు ఆవిడ మనిషే. ఆవిడే పంపించింది వీణ్ణి."

"మీకెలా తెలుసు మామయ్యా?"

"వినలేదూ? తిన్నావా అంది. ఇన్నాళ్ళూ ఎవరినైనా అందా అలా? కన్నతల్లిలా అడిగితేనూ."

మామగారికి తట్టిందంటే ఊరందరికీ తట్టినట్టే. తెల్లారేసరికి బస్సుల్లో, లిఫ్టుల్లో, మంగలి కుర్చీల్లో అదే మాట. తిన్నావా అందట. అయితే వాడు దొంగ కాదట. మరి దొంగెవడు? చూస్తే ఇంక మిగిలింది ఒక్కడే. కథంతా ముందే తేలిపోయింది.

మధ్యాహ్నానికి మేనేజరు నుంచి పిలుపు వచ్చింది. ఆయన గదిలో సౌండు బాబాయ్ అప్పటికే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మేనేజరు చెడ్డవాడేమీ కాదు. సీరియల్ తీసిన కంపెనీ వాళ్ళు పొద్దున్నుంచీ ఫోన్లో ఆయన్ని నమిలేస్తున్నారు. ముగింపు మీ వాళ్ళకి ఎలా తెలిసిందని ఒకటే ప్రశ్న. ఎందుకంటే, మామగారు చెప్పిందే నిజం. ఆ కుర్రాడు పెద్దావిడ స్వయంగా పంపిన మనిషే. అసలు ద్రోహిని పట్టుకోవడానికి అతన్ని ఎరగా వేసింది.

"మాటలు రాసింది మీరు," అన్నాడు మేనేజరు.

"నేను తిన్నారా అనే రాశాను. కావాలంటే కాగితం చూడండి."

"చూశాను. అందుకే అడుగుతున్నా. మరి మార్చిందెవరు? సీను అవగానే ఈయన హెడ్‌ఫోన్లలో చెప్పారట, తిన్నారా అని అనండి అని. రెండుసార్లు చెప్పారట." బాబాయ్ తల దించుకున్నాడు. మేనేజరు గట్టిగా అన్నాడు: "చెప్పినా ఆవిడ వినలేదట."

వినలేదు అన్న మాటకి మన భాషలో రెండు అర్థాలు. ఒకటి పొగరు. రెండోది చెవుడు. మేనేజరు మొదటి అర్థంలో అన్నాడు. కోడలికి రెండోది గుచ్చుకుంది.

బాబాయ్ గొణిగాడు. "రెండోసారి చెబుతుండగానే అక్క హెడ్‌ఫోన్లు తీసేసి వెళ్ళిపోయారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. మళ్ళీ పిలిచే ధైర్యం లేకపోయింది."

"అంటే కావాలనే అన్నారు," అన్నాడు మేనేజరు. "ముగింపు ఎక్కడో చూసి ఉండాలి, ఎవరో చెప్పి ఉండాలి. ఆవిడ ఎంత పెద్ద ఆర్టిస్టయినా, ఇలాంటి మనిషితో చివరి ఎపిసోడ్లు చేయించలేను. రేపు కొత్త గొంతుని చూస్తున్నాం. మిగతా స్టూడియోలు అడిగితే జరిగింది చెప్పక తప్పదు నాకు."

కోడలి నోటి దాకా వచ్చింది నిజం. ఆవిడకి వినపడదండీ, అంతే, కుట్రా లేదు మట్టీ లేదు. ఆ ఒక్క ముక్క చెబితే దొంగతనం నింద పోతుంది. కానీ గొంతు బతుకూ పోతుంది. ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా? దొంగ అనిపించుకోవాలి, లేకపోతే చెవిటిది అనిపించుకోవాలి. అత్తగారికి రెండే దారులున్నాయి. మూడో దారి తనే వేసింది.

"నేనే మార్చమన్నాను," అంది కోడలు. "కాగితం ఇచ్చేశాక మనసు మార్చుకుని ఇంట్లో అత్తయ్యకి చెప్పాను. ముగింపు నేను చూడలేదు. ఊహించాను."

"ఊహించారా?"

"అవును."

"పైవాళ్ళకి నేను ఊహ అని చెప్పనా?" అన్నాడాయన. కాసేపు నుదురు రుద్దుకున్నాడు. "సరే. మీరు చెప్పినట్టే రాసుకుంటాను. ఆవిడ చేయొచ్చు. చివరి రెండు ఎపిసోడ్లకి మాటలు వేరేవాళ్ళు రాస్తారు. ఆ తర్వాత సంగతి కూడా మీకు తెలుసుగా."

తెలుసు. రహస్యం దాచలేని మనిషన్న పేరు ఒకసారి పడితే ఇంక ఏ ఛానలూ కథ చేతికివ్వదు. కోడలు మెట్లు దిగింది. ఈ పని ఆమెకి ఇష్టం. పెదవులు కలిసే చోట ఒక మాట సరిగ్గా వెళ్ళి కూర్చున్నప్పుడు కలిగే ఆనందం ఆమెకి లోకంలో ఇంకెక్కడా దొరకదు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

ఇంటికి వచ్చి తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. వెనకాల అత్తగారు వచ్చి నిలబడింది.

"ఏమంటాడు మేనేజరు?"

"ఏం లేదు అత్తయ్యా. మామూలే," అంది కోడలు కుళాయి వైపు తిరిగి.

"మొహం ఇటు తిప్పి చెప్పు. వీపుతో మాట్లాడితే నాకెలా వినపడుతుంది?"

ఆ సంగతి వాళ్ళిద్దరి మధ్య నోరు తెరిచి అన్నది అదే మొదలు. కోడలు కుళాయి కట్టేసి, ఇటు తిరిగింది. చెప్పింది. ఒక్కో మాటా విడదీసి, ఏదీ దాచకుండా చెప్పింది. అత్తగారు పెదవుల మీంచి చూపు తిప్పలేదు.

"నువ్వే మార్చమన్నానని చెప్పావా?"

"చెప్పాను."

"బుద్ధుందా నీకు?"

అత్తగారు స్టూలు లాక్కుని కూలబడింది. కోపంగా ఉన్నట్టే ఉంది, కానీ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"ఎందుకన్నారు అత్తయ్యా అలా? కాగితం ఎదురుగానే ఉందిగా."

"కాగితం ఎవరు చూశారు? నేను ఆవిడ మొహం చూశాను. వాడు లోపలికి రాగానే ముందు వాడి బుగ్గలు చూసింది. తర్వాత మణికట్లు చూసింది. మనిషి చిక్కిపోయాడా అని చూసే చూపు అది. దొంగని అలా చూడరు. నువ్వు మీ అబ్బాయి హాస్టలు నుంచి వస్తే చూస్తావే, అలా చూసింది. నాకు నోట్లోంచి అదే వచ్చింది. తిన్నారా అని రాశావని ఇప్పుడు నువ్వు చెబితేనే తెలిసింది."

"కానీ ఆవిడ గొంతు..." కోడలు ఆగిపోయింది. ఆ సీను ఆమె పదిసార్లు విని రాసింది. అసలు నటి గొంతు మంచుగడ్డలా ఉంది. తడి లేదు, జాలి లేదు. ఆ గొంతు విన్నవాళ్ళెవరూ తిన్నారా అని తప్ప రాయరు.

"గొంతు నేను వినలేదుగా," అంది అత్తగారు.

కోడలికి అప్పుడు అర్థమైంది. ఆ నటి చాలా పెద్ద నటి. గొంతుతో అబద్ధం ఆడి, కళ్ళల్లో నిజం దాచుకుంది. అందర్నీ ఆ గొంతు మోసం చేసింది, తనతో సహా. ఎవరికి వినపడదో వాళ్ళు మాత్రం మోసపోలేదు. అంత కష్టంలోనూ కోడలికి ఆ మనిషిని చూస్తే ఒళ్ళు పులకరించింది. ఏం కళ్ళివి, ఏం మనిషి ఈవిడ, అనుకుంది.

మర్నాడు పొద్దున్నే అత్తగారు పెద్దవాళ్ళింటికి పెళ్ళి పిలుపుకి వెళ్ళినట్టు ముస్తాబై బయల్దేరింది. కోడలు వద్దన్నా, ఆగమన్నా లాభం లేదు. అటు చూస్తేనే గదా వినపడేది. ఆవిడ అటు చూడలేదు.

స్టూడియోలో కొత్త గొంతుని పరీక్ష చేయడం మానుకుని, మేనేజరు బాబాయితో ఏదో మాట్లాడుతున్నాడు. అత్తగారు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మా కోడలు నిన్న మీకు అబద్ధం చెప్పింది. అబద్ధం ఆడటం కూడా సరిగ్గా చేతకాదు దానికి. తనేమీ మార్చమనలేదు. ఇదిగో ఈయన మళ్ళీ చెప్పమన్నదీ నిజమే. నేను విననిదీ నిజమే. నాకు చెవులు పోయాయి. రెండేళ్ళు దాటింది."

మేనేజరు నవ్వబోయి ఆగాడు. చేతిలో ఫోను కేసి చూసుకుంటూ, "అలాగైతే ఇన్నాళ్ళూ మరి మీరు..." అని ఏదో గొణిగాడు.

"తలెత్తి మాట్లాడండి బాబూ," అంది అత్తగారు.

ఆయన తలెత్తాడు. సౌండు బాబాయ్ గోడకి ఆనుకుపోయాడు. ఇన్నేళ్ళుగా ఈవిడ చెవుల్లో తను కురిపించిన సూచనలన్నీ తలుచుకుంటున్నాడో ఏమో పాపం.

"ఆ సీను వేయండి," అంది అత్తగారు. "చప్పుడు తీసేసి వేయండి."

బాబాయ్ వేశాడు. నిశ్శబ్దంగా తలుపు తెరుచుకుంది. చేతులు కట్టేసిన కుర్రాడిని లోపలికి తెచ్చారు. నెరిసిన జుట్టావిడ తలెత్తింది. ఆ చూపు ముందు అతని బుగ్గల మీద వాలింది, తర్వాత మణికట్ల మీదికి జారింది. పెదవులు కదిలాయి. మేనేజరు, "మళ్ళీ వేయండి," అన్నాడు. రెండోసారి చూశాక మెల్లిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇది నాకు ఎందుకు కనపడలేదు?" అన్నాడు.

"మీరు వింటున్నారు కదా."

మేనేజరు చేతిలో ఫోను పక్కన పెట్టాడు. చివరికి ఆయనే అడిగాడు. "పైవాళ్ళకి నేనేం చెప్పను?"

"ఉన్నది చెప్పండి. ఒక చెవిటి ముసలమ్మ ఆ మొహం చూసి అనేసిందని చెప్పండి. మా అమ్మాయి పని మా అమ్మాయికి ఇచ్చేయండి. అది రాసిన చోట తప్పు లేదు."

"అమ్మా, ఇది బయటికి వెళ్తే మిమ్మల్ని ఇంకెవరూ పిలవరు. అది తెలుసుకుని చెబుతున్నారా?"

"తెలియకేం?" అంది అత్తగారు. "గొంతు నాది. ముప్పై ఏళ్ళు వాడుకున్నాను. దీని చేతిలో పని మొన్ననే కదా మొదలైంది."

వెనకే వచ్చిన కోడలు తలుపు దగ్గర నిలబడి ఉంది. ఏడుపు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. అత్తగారు అటు చూసి విసుక్కుంది. "మొహం కడుక్కో. పెదవులు వణికితే నాకు చదవడానికి రాదు."

పైవాళ్ళు మొదట నమ్మలేదట. తర్వాత ఆ సీను చప్పుడు లేకుండా వాళ్ళూ వేసుకుని చూశారట. అప్పటికి ఇంక గొంతు మార్చే టైము కూడా లేదు. చివరి రెండు ఎపిసోడ్లూ కోడలు రాయాలి, అత్తగారు చెప్పాలి అని కబురు వచ్చింది. ఆ తర్వాతి సంగతి ఎవరూ మాట్లాడలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా, వారం తిరక్కుండానే పిలుస్తామన్న స్టూడియోలు ఒక్కొక్కటే ఫోన్ చేసి, వేరే ఏర్పాటు చేసుకున్నామన్నాయి. ఫోనెత్తింది కోడలు. ఎలా చెప్పాలా అని ఆమె సతమతమవుతుంటే, "కష్టపడకు, అర్థమైందిలే," అని అత్తగారు లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ సాయంత్రమంతా బయటికి రాలేదు.

మామగారికి కూడా అప్పుడే తెలిసింది. "అయితే ఇన్నాళ్ళూ నేను చెప్పినవి ఒక్కటీ వినలేదా నువ్వు?" అని నిలదీశారు. "చెవులున్నప్పుడు మాత్రం విన్నానా?" అంది ఆవిడ.

చివరి సీను రికార్డింగు రోజున స్టూడియోలో పని లేనివాళ్ళు కూడా వచ్చి అద్దం అవతల నిలబడ్డారు. కథ ప్రకారం, అసలు ద్రోహి పట్టుబడ్డాక పెద్దావిడ ఆ కుర్రాడి గదికి వెళ్ళి కట్లు విప్పుతుంది. ఒక మాట అంటుంది. అక్కడ కోడలు మంచి మాట ఒకటి రాసింది. దేశం గురించి, రుణం గురించి, క్షమించమనడం గురించి. రాసి రెండు రోజులు మురిసిపోయింది కూడా. అత్తగారు కాగితం దూరంగా పెట్టి చదివి, పెన్ను తీసుకుని మొత్తం కొట్టేసింది. కింద రెండు ముక్కలు రాసింది.

"పద. పనుంది."

తెర మీద పెదవులు రెండుసార్లు కలిసి విడిపోయాయి. సరిగ్గా ఆ రెండు చోట్లా ప పడింది. ఒక్క టేకు. అద్దం అవతల బాబాయ్ మీటలు వదిలేసి కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆ రెండు ముక్కలూ ఆవిడ ఎలా అందో చెప్పమంటే చెప్పలేం. కోడలు ఇప్పటికీ చెప్పలేదు. తను రాసిన పుట్టెడు మాటలూ అందులోనే ఉన్నాయి అంటుంది, అంతే.

ఆఖరి ఎపిసోడ్ వచ్చిన సాయంత్రం ఇంట్లో అందరూ టీవీ ముందు చేరారు. చేసిన పని మళ్ళీ చూసుకోవడం అత్తగారికి అలవాటు లేదు. "ఎంగిలి" అంటుంది. అలాంటిది ఆ రోజు తనే వచ్చి కుర్చీలో కూర్చుంది. కాసేపు తెర వైపు చూసి, కోడలి చెయ్యి పట్టుకుంది.

"నేను ఎలా అన్నానో నాకు తెలీదే అమ్మాయ్. రెండేళ్ళుగా ఏది ఎలా అన్నానో తెలీదు. ఈ ఒక్కటీ తెలుసుకోవాలనుంది."

కోడలు లేచి వెళ్ళి, టీవీకి వీపు పెట్టి, అత్తగారికి ఎదురుగా కింద కూర్చుంది. ఊరంతా ఎదురుచూసిన ముగింపుని ఆమె చూడలేదు. వెనక నుంచి వస్తున్న ప్రతి మాటనీ విని, శబ్దం లేకుండా పెదవులతో ముందుకి అందించింది. ఎక్కడ నెమ్మదించిందో అక్కడ తనూ నెమ్మదించింది. ఎక్కడ ఊపిరి ఆపిందో అక్కడ ఆపింది. కళ్ళనీళ్ళు కారుతున్నాయి గానీ పెదవులు మాత్రం వణకనివ్వలేదు. చివరికి "పద, పనుంది" కూడా అంది.

"బాగా వచ్చిందా?" అని అడిగింది అత్తగారు.

ఒక గొంతు ఎలా ఉందో వినపడని మనిషికి ఏ మాటల్లో చెప్పాలి? మాటలు రాసి బతికే కోడలికి ఒక్క మాటా దొరకలేదు. ఆమె చెయ్యెత్తి పక్క కుర్చీ వైపు చూపించింది.

అత్తగారు తల తిప్పి మామగారి పెదవుల వైపు చూసింది. అవి ఇందాకటి నుంచీ కదలడం లేదు.